37వ ఏట మొదలైన సర్వీసు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా కేసు తీర్పు వచ్చిన రోజు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది అని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన రోజు. దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇప్పటికే మాట్లాడారు. డి.ఏ. బకాయిలూ అయ్యాయి, వైద్య ఖర్చుల బిల్లులూ అయ్యాయి. నాకు కార్యదర్శిగారు అప్పగించిన పని వేరు. "అమ్మా, భోజనాల ముందు కాస్త నవ్వొచ్చే విషయం చెప్పండి" అన్నారు. ఎకౌంట్సు సెక్షన్లో ముప్ఫై ఏళ్ళు పైగా కూర్చున్నదాన్ని, నవ్వించడం నా చేతకాదు. నవ్వించడమే ఉద్యోగంగా చేసిన ఒకావిడ గురించి మాత్రం చెప్పగలను.

ఆమె పేరు ఫిలిస్ డిల్లర్. అమెరికా మనిషి. స్టాండప్ కామెడీతో మొదలుపెట్టి, సినిమాల్లో, టీవీలో, నాటకరంగం మీద నటిగా కూడా చాలాకాలం పనిచేసింది. స్టాండప్ కామెడీ అంటే ఏమిటో మీ మనవలకు బాగా తెలుసు. మనలో కొందరికి తెలియకపోవచ్చు కనుక చెబుతున్నాను. ఒక మనిషి, ఒక మైకు, అంతే. హరికథ చెప్పేవారికైనా చిడతలుంటాయి, పక్కవాద్యాలుంటాయి, చెప్పడానికి రుక్మిణీ కల్యాణమో భక్త ప్రహ్లాదో ఉంటుంది. మన నేరెళ్ళ వేణుమాధవ్‌గారు ఒక్క మైకుతో సభను ఊపేశారు కానీ ఆయన దగ్గర వందమంది గొంతులుండేవి. స్టాండప్‌కు వచ్చినవారి దగ్గర కథా ఉండదు, మరొకరి గొంతూ ఉండదు. తన ఇల్లు, తన మొహం, తన అవస్థలు చెప్పి నవ్వించాలి. ఎదుటివాళ్ళు నవ్వకపోతే దాక్కోవడానికి చోటు లేదు.

అలాంటి పనిలోకి ఫిలిస్ డిల్లర్ 37 ఏళ్ళ వయసులో దిగింది. అప్పటికి అయిదుగురు పిల్లల తల్లి.

మొదటి నుంచీ చెబుతాను. 1917 జూలై 17న ఒహాయో రాష్ట్రంలో లైమా అనే ఊళ్ళో పుట్టింది. తండ్రిది ఇన్సూరెన్సు వ్యాపారం. పుట్టేనాటికే ఆయన పెద్దవయసువాడు. ఒక్కతే బిడ్డ. చిన్నప్పటి నుంచి పియానో నేర్పించారు, బాగానే వచ్చింది. చికాగోలో సంగీత కళాశాలలో చేరింది. కచేరీ కళాకారిణి అయ్యే స్థాయి తనకు లేదని అక్కడే అనిపించిందట. పోనీ సంగీతం టీచరు అవుదామని సొంత రాష్ట్రంలోనే బ్లఫ్టన్ అనే కాలేజీలో చేరింది. అక్కడ షెర్వుడ్ డిల్లర్ పరిచయమయ్యాడు, 1939లో పెళ్ళి చేసుకుంది. చదువు అక్కడితో ఆగింది. మనకు కొత్త కథేమీ కాదు. ఈ హాల్లో కూర్చున్న ఆడవాళ్ళలో ఎంతమంది డిగ్రీ రెండో సంవత్సరంలో ఆగిపోయారో చేతులెత్తమంటే తెలుస్తుంది. ఎత్తవద్దు లెండి.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ కుటుంబం కాలిఫోర్నియాలోని అలమీడా అనే ఊరికి చేరింది. షెర్వుడ్ మనిషి చెడ్డవాడు కాదు కానీ ఏ ఉద్యోగంలోనూ నిలిచే రకం కాదు. ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవడం, అదీ వదలడం. పుట్టిన పిల్లల్లో ఒక బాబు పసికందుగా ఉండగానే పోయాడు, అయిదుగురు మిగిలారు. ఇల్లు గడవాలి. దాంతో ఫిలిస్ ఉద్యోగంలో చేరింది. మొదట ఒక చిన్న పత్రికకు రాతపని, తరువాత ఓక్లండ్‌లో ఒక పెద్ద బట్టల దుకాణానికి ప్రకటనలు రాసే పని, ఆ తరువాత రేడియో స్టేషన్లో ప్రకటనలు రాసే పని. పొద్దున్న పిల్లలకు వండిపెట్టి ఆఫీసుకు పోవడం, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడటం. ఈ భాగం నేను వివరించనక్కరలేదు.

ఆమె హాస్యం పుట్టింది అక్కడే. ఆ రోజుల్లో ఆ ఊళ్ళలో కాసులు వేస్తే బట్టలు ఉతికిపెట్టే యంత్రాల దుకాణాలుండేవి. ఇంట్లో యంత్రం కొనలేనివాళ్ళంతా మూటలు పట్టుకుని అక్కడికి చేరేవారు. మన వీధి కుళాయి దగ్గర బిందెల వరస లాంటిదే అనుకోండి. బట్టలు అయ్యేదాకా కూర్చోవాలి కదా, ఫిలిస్ అక్కడ కూర్చుని తన ఇంటి సంగతులు చెప్పేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వేవారు. కుళాయి దగ్గర నవ్వించే ఇల్లాలు మన ప్రతి వీధిలోనూ ఒకరుండేవారు. వాళ్ళెవరినీ ఎవరూ వేదిక ఎక్కించలేదు.

ఈమెను ఎక్కించింది ఎవరో తెలుసా? ఆ ఉద్యోగం నిలవని మొగుడే. నువ్వు కామెడీ చెయ్యి, నీకు ఆ శక్తి ఉంది అని వెంటబడ్డాడు. ఒక రోజు కాదు, నెలల తరబడి చెవిలో జోరీగలా పోరాడు. తన చేతకానితనాన్ని భార్య తెలివితో పూడ్చుకోవాలని చూశాడని కొందరు అంటారు. అయి ఉండవచ్చు. అయినా 1950లలో ఒక భర్త తన భార్యను, అయిదుగురు పిల్లల తల్లిని, నైట్‌క్లబ్బులో మైకు ముందు నిలబడమని పోరు పెట్టాడంటే ఆ ఒక్క విషయంలో అతని చూపు తప్పని నేను అనలేను. మొదట సైనికుల ఆసుపత్రిలో రోగుల ముందు, చర్చిల్లో, ఆడవాళ్ళ సమావేశాల్లో చేసి చూసింది. 'నమ్మకంలోని మహత్తు' అనే అర్థం వచ్చే పేరుతో క్లాడ్ బ్రిస్టల్ రాసిన ఒక పుస్తకం తనకు ధైర్యం ఇచ్చిందని తరువాత చాలాసార్లు చెప్పింది.

1955 మార్చి 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో పర్పుల్ ఆనియన్ అనే చిన్న క్లబ్బులో మొదటి ప్రదర్శన. నేలమాళిగలో ఉండే క్లబ్బు. ఒప్పందం రెండు వారాలకు. అంతకుముందు రేడియోలో నెలజీతం ఉద్యోగం ఉండేది, దాన్ని వదిలేసి వచ్చింది. నెల మొదటి తారీఖు అంటే ఏమిటో తెలిసిన మనమంతా ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇంట్లో సంపాదించే చెయ్యి ఒక్కటే. అయిదు నోళ్ళు. మొగుడు ఖాళీ. జీతం వదిలేసి రెండు వారాల కాంట్రాక్టుకు పోయింది! మన సెక్షన్లో ఎవరైనా ఆ పని చేసి ఉంటే ఏమనేవాళ్ళం?

ఆ రెండు వారాలు 89 వారాలయ్యాయి.

మొదట్లో ఆమె ప్రదర్శన గందరగోళంగా ఉండేదట. పాటగాళ్ళను వెక్కిరించడం, పియానో మీద ఎక్కి పడుకోవడం, చేతిలో ఏవేవో వస్తువులు. రోజూ రాత్రి జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఊరుకున్నారో చూసుకుంటూ అవసరం లేనిదల్లా తీసేసింది. చివరికి మాటలు మాత్రం మిగిలాయి. చిన్న చిన్న వాక్యాలు, ఒకదాని వెంట ఒకటి. నిమిషానికి పన్నెండు నవ్వులు అని ఆమెకు పేరు. సభలో పన్నెండు నిమిషాలకు ఒక్క నవ్వు రాబట్టలేక మనం పడే అవస్థ మనకు తెలుసు.

అమెరికాలో మొట్టమొదటి స్త్రీ స్టాండప్ కళాకారిణి ఈమే అని కొందరు రాస్తుంటారు. అది సరి కాదు. మామ్స్ మాబ్లీ అనే నల్లజాతి కళాకారిణి అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ వేదికల మీద ఉంది. జీన్ కారల్ అనే ఆవిడా ముందే ఉంది. అయితే ఒక మామూలు ఇల్లాలి గొంతుతో దేశమంతా టీవీలో వినబడేటంత పెద్ద స్థానం సంపాదించినవాళ్ళలో ఈమెది మొదటి వరస.

ఆ స్థానం ఊరికే రాలేదు. పర్పుల్ ఆనియన్ తరువాత ఊళ్ళు తిరిగే రోజులు వచ్చాయి. మొగుడూ పెళ్ళాం క్లబ్బు నుంచి క్లబ్బుకు, పిల్లలు బంధువుల ఇళ్ళలో. కొన్నిచోట్ల జనం నవ్వలేదు. వాషింగ్టన్‌లో ఒక క్లబ్బులో ఘోరంగా విఫలమైన రాత్రి బాబ్ హోప్ ప్రేక్షకుల్లో ఉన్నాడు. ఆయన ఆనాటి అమెరికా హాస్యనటుల్లో అగ్రగణ్యుడు. ఈమె మొహం చెల్లక వెనక నుంచి జారుకోబోతే ఆయనే పిలిచి, నీలో విషయం ఉంది అని మెచ్చుకున్నాడట. ఆ తరువాత ఆయన తన టీవీ కార్యక్రమాల్లో ఇరవైసార్లకు పైగా ఆమెను పిలిచాడు, మూడు సినిమాల్లో పక్కన వేషం ఇచ్చాడు, 1966లో వియత్నాంలో ఉన్న సైనికుల దగ్గరకు తీసుకుపోయాడు. ఇంకోవైపు జాక్ పార్ అనే ఆయన రాత్రిపూట నడిపే టీవీ కార్యక్రమంలో పదేపదే కనిపించడంతో ఆమె పేరు ఇంటింటికీ చేరింది.

ఆమె వేషం గురించి చెప్పాలి. పిచ్చుకగూడు లాంటి జుట్టు. గోనెసంచి కుట్టినట్టుండే వదులు గౌను. పొట్టి బూట్లు, చేతికి తొడుగులు, పొడవాటి సిగరెట్టు గొట్టం. ఆ సిగరెట్టు కొయ్యది, ఆమె జన్మలో పొగ తాగలేదు. మాట పూర్తవగానే గాడిద ఓండ్రపెట్టినట్టు పెద్ద నవ్వు. గౌను ఎందుకు అంత వదులుగా ఉండేదంటే, ఆమె నిజానికి చక్కని రూపం గల మనిషి. తన ఒంటి మీద తాను జోకులు వేసుకోవాలి కదా, ఒళ్ళు కనబడితే ఆ జోకులు పేలవు. అలాగే తనకు వంట రాదని వందల జోకులు చెప్పింది. తెలిసినవాళ్ళు మాత్రం ఆమె చేతివంట అమోఘమని చెప్పేవారు. మనకు సూర్యకాంతంగారు ఎలాగో చూడండి. 'గుండమ్మ కథ' చూసి తమ ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి జంకినవాళ్ళంతా, ఆమె ఇంటి నుంచి షూటింగుకు తెచ్చే పులిహోర గురించి వింటే ఆశ్చర్యపోయేవారు.

ఆమె జోకుల్లో 'ఫాంగ్' అని ఒక మొగుడుండేవాడు. ఫాంగ్ అంటే కోర అని అర్థం. పనికిమాలినవాడు, సోమరి, తాగుబోతు. వాడు కల్పిత పాత్ర, మా ఆయన కాదు అని ఆమె చెబుతూనే ఉండేది. ఇక్కడ నాకు తోచిన మాట ఒకటుంది. మన వారపత్రికల్లో ఏళ్ళ తరబడి కార్టూన్లు చూశాం. అప్పడాల కర్ర పట్టుకున్న పెళ్ళాం, చీరల బిల్లు చూసి మూర్ఛపోయే మొగుడు, అత్తగారు వస్తోందంటే పారిపోయే అల్లుడు. అన్నీ మగవాళ్ళు వేసిన బొమ్మలు. నవ్వాం, తప్పు లేదు. అమెరికాలోనూ అంతే, ప్రతి హాస్యగాడూ మా ఆవిడ, మా ఆవిడ అనేవాడు. ఈమె వచ్చి అదే జోకును తిరగేసి మా ఆయన అంది. ఇల్లు సర్దడం, ఇస్త్రీ, పిల్లల గోల, పాడైన ఫ్రిజ్ లాంటివాటిని గురించి ఇంటిలోపల నుంచి మాట్లాడింది. పిల్లలు ఎదుగుతుండగా ఇల్లు శుభ్రం చేయడమంటే మంచు కురుస్తుండగానే వాకిలి ఊడవడం లాంటిదని ఆమె భావం. మనకు మంచు లేదు గానీ, వేపచెట్టు కింద వాకిలి ఉన్నవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది.

నాకు నచ్చనిదీ ఒకటుంది. మొగుడి మీద వేసినన్ని జోకులూ తన మొహం మీద వేసుకుంది. ముక్కు, ముడతలు, ఎముకలు, ఏదీ వదలలేదు. ఆ కాలంలో ఆడది మైకు పట్టుకుని నవ్వించాలంటే ముందు తాను అందగత్తెను కాదని ఒప్పుకోవాలి, అప్పుడు గాని మిగతావి మాట్లాడనిచ్చేవారు కాదు అని నేను అనుకుంటున్నాను. ఆమె ఆ సుంకం కట్టింది. 1970ల మొదట్లో మొహానికి శస్త్రచికిత్స చేయించుకుంది, ఆ తరువాత మరికొన్ని. సినిమావాళ్ళు అలాంటివి రహస్యంగా ఉంచే రోజుల్లో ఈమె బాహాటంగా చెప్పి దాని మీదా జోకులు వేసింది. నిజాయితీ అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ పదిహేనేళ్ళు రోజూ రాత్రి తన మొహాన్ని వెక్కిరించుకున్న మనిషి చివరికి ఆ మొహాన్ని మార్పించుకోవడంలో నాకు నవ్వు ఒక్కటే కనబడదు.

ఇక నటన సంగతి. స్టాండప్ నుంచి సినిమాకు పోవడం ప్రమోషను అని అందరూ అనుకుంటారు. ఈమె విషయంలో అలా జరగలేదని నా అభిప్రాయం. 1961లో ఎలియా కజాన్ తీసిన 'స్ప్లెండర్ ఇన్ ది గ్రాస్'లో చిన్న వేషం వేసింది. తరువాత బాబ్ హోప్‌తో 1966, 67, 68ల్లో వరసగా మూడు సినిమాలు. 1966లో ఆమె ప్రధాన పాత్రగా 'ది ప్రూయిట్స్ ఆఫ్ సౌతాంప్టన్' అనే టీవీ సీరియల్ మొదలైంది. దాని కథ మనవాళ్ళకు నచ్చుతుంది. ఒక గొప్పింటి కుటుంబం పన్ను బకాయిలతో దివాలా తీసి, ఇంకా డబ్బున్నవాళ్ళలాగే నటిస్తూ బతకడం. మధ్యలో పేరు మార్చి 'ది ఫిలిస్ డిల్లర్ షో' అన్నారు. ఒక ఏడాదికే ఆగిపోయింది. 1968లో ఇంకో టీవీ షో వచ్చింది, అది కొన్నాళ్ళు కూడా నడవలేదు. ఎందుకంటే వాళ్ళకు కావలసింది ఆమె జుట్టు, ఆమె నవ్వు. మాటలు మాత్రం ఎవరో రాసినవి. వేదిక మీద ఏ మాట ఎక్కడ ఆపాలో, ఎంత ఆగాలో నిర్ణయించేది ఆమె. సినిమాలో అది ఎడిటరు చేతిలో ఉంటుంది.

ఒక్క సినిమా మాత్రం ఈ సభలో తప్పక చెప్పుకోవాలి. దాని పేరు 'ది యాడింగ్ మెషిన్', 1969. ఎల్మర్ రైస్ అనే నాటకకర్త 1923లో రాసిన నాటకం ఆధారంగా తీశారు. కథానాయకుడి పేరు జీరో. ఒక పెద్ద దుకాణంలో లెక్కల గుమాస్తా. పాతికేళ్ళుగా అదే కుర్చీ, అవే అంకెలు. పాతికేళ్ళు పూర్తయిన రోజున యజమాని పిలిస్తే జీతం పెంచుతాడని పొంగిపోతాడు. కూడికలు చేసే యంత్రాలు కొంటున్నాం, ఇక నువ్వు అక్కరలేదు అంటాడు యజమాని. జీరో అతన్ని చంపేస్తాడు, ఉరిశిక్ష పడుతుంది. చచ్చి పైలోకానికి పోతే అక్కడా కూడికల యంత్రం ముందే కూర్చోబెడతారు! చివరకు మళ్ళీ భూమ్మీదికి పంపుతారు, మళ్ళీ గుమాస్తాగానే.

మన ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళకు ఇది కథలాగా ఉండదు. మా సెక్షన్లో ఒక పెద్దాయన ఉండేవారు. బారెడు పొడుగు లెడ్జరు పేజీ వేలు పెట్టి కిందికి జారుస్తూ పైసాతో సహా మొత్తం చెప్పేవారు. ఏసీ గదిలో మిషను పెట్టిన తరువాత ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, పని నుంచి తియ్యలేదు. ఆయన దగ్గరకు లెడ్జర్లు రావడం మానేశాయి, అంతే.

ఈ సినిమాలో ఫిలిస్ డిల్లర్ వేసింది జీరో భార్య వేషం. ఎదుగూ బొదుగూ లేని గుమాస్తా మొగుడి మీద విసుగుతో తెంపు లేకుండా మాట్లాడే ఇల్లాలు. ఆలోచించండి, పదిహేనేళ్ళుగా వేదిక మీద ఆమె చెప్పింది ఇదే. పనికిరాని మొగుడు, విసిగిన పెళ్ళాం. అక్కడ జనం నవ్వారు. ఇక్కడ అదే మాటల ధోరణి, నవ్వు మాత్రం తీసేశారు. ఆ సినిమా ఆడలేదు, నిజమే. కానీ ఆమెకు దొరికిన గంభీరమైన పాత్ర అది, ఆమె జీవితానికి చాలా దగ్గరగా వచ్చిన పాత్ర కూడా. షెర్వుడ్‌తో ఆమెకు 1965లోనే విడాకులయ్యాయి.

అదే ఏడాది చివర, 1969 డిసెంబరులో, న్యూయార్కు బ్రాడ్వే రంగస్థలం మీద 'హలో, డాలీ!' సంగీత నాటకంలో డాలీ వేషం వేసింది. డాలీ అంటే పెళ్ళిళ్ళ పేరమ్మ అనుకోండి. సంబంధాలు కుదిర్చే విధవరాలు. అప్పటికి ఏళ్ళ తరబడి ఆడుతున్న నాటకం, అందులో పెద్ద పెద్ద నటీమణులు ఒకరి తరువాత ఒకరు ఆ వేషం కట్టారు. పెరల్ బెయిలీ తరువాత, ఎథెల్ మెర్మన్‌కు ముందు మూడు నెలలు ఈమె వంతు. ఇందులో చిన్న తమాషా ఉంది. 1960లో న్యూయార్కులో బాన్ స్వార్ అనే క్లబ్బులో ఫిలిస్ ప్రధాన ఆకర్షణగా ఉండగా, ఆమెకు ముందు పాట పాడటానికి 18 ఏళ్ళ పిల్ల ఒకతి వచ్చింది. ఫిలిస్ ఆ పిల్లను మెచ్చుకుని వెన్ను తట్టింది. ఆ పిల్ల బార్బ్రా స్ట్రైసాండ్. 1969లో 'హలో, డాలీ!' సినిమాగా వస్తే డాలీ వేషం ఆ పిల్లదే.

పియానో ఏమైంది అని మీలో సంగీతం తెలిసినవారు అడగవచ్చు. 1970లలో మళ్ళీ బయటికి తీసింది. 'డేమ్ ఇలియా డిల్యా' అని ఒక నకిలీ బిరుదు పేరు పెట్టుకుని వంద దాకా వాద్యబృందాలతో కచేరీలు చేసింది. వేదిక మీదికి రావడం, కూర్చోవడం అంతా హాస్యం. వేళ్ళు మెట్ల మీద పెట్టాక మాత్రం బాక్, బీథోవెన్, అసలు సిసలు వాయింపు. స్థాయి లేదని యాభై ఏళ్ళు రాకముందే కాదు, ఇరవై ఏళ్ళప్పుడే వదిలేసుకున్న పని అది.

1983లో జరిగిన సంగతి చెబితే ఆడవాళ్ళు సంతోషిస్తారు. న్యూయార్కులో ఫ్రయర్స్ క్లబ్బు అని హాస్యనటుల సంఘం. అక్కడ సిడ్ సీజర్ అనే నటుడికి సన్మాన విందు. మగవాళ్ళకు మాత్రమే ప్రవేశం. ఈమె సూటు, మీసం పెట్టుకుని 'ఫిలిప్ డౌనీ' అనే పేరుతో లోపలికి పోయి కూర్చుని మొత్తం వినేసి వచ్చింది. అప్పటికి 66వ ఏడు.

మీ ఇళ్ళలో చిన్నపిల్లలుంటే 1998లో వచ్చిన 'ఎ బగ్స్ లైఫ్' బొమ్మల సినిమా చూసే ఉంటారు. అందులో ముసలి చీమల రాణి గొంతు ఈమెదే. అప్పుడు ఆమెకు 81. 1990లలో స్టార్ టీవీలో మనకూ వచ్చిన 'ది బోల్డ్ అండ్ ది బ్యూటిఫుల్' సీరియల్లో కూడా 1995 నుంచి అప్పుడప్పుడు కనిపించే పాత్ర చేసింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. నాకు ఈమె మీద ఆసక్తి కలిగింది సినిమాల వల్ల కాదు, ఒక బీరువా వల్ల. మా మనవరాలు కంప్యూటర్లో ఏదో చూస్తూ, అమ్మమ్మా ఇది మీ ఆఫీసుదా అని పిలిచింది. చూద్దును కదా, ఇనప కార్డుల బీరువా! 48 సొరుగులు. ప్రతి సొరుగుకూ చీటీ. మా రికార్డు రూములో ఉండే దానికి అక్కచెల్లెలు. లోపల మూడంగుళాలకు అయిదంగుళాల కార్డులు, ఒక్కో కార్డు మీద టైపు చేసిన ఒక్కో జోకు. చాలావాటి మీద తేదీ కూడా ఉంది. విషయాలవారీగా అక్షరక్రమంలో అమర్చింది. సొరుగులు చాలక ఇంకో మూడు సొరుగుల పెట్టె జోడించింది. మొత్తం 52 వేలకు పైగా కార్డులు. 2003లో ఆమె దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ వారి మ్యూజియానికి ఇచ్చేసింది.

వేదిక మీద పిచ్చుకగూడు జుట్టుతో, ఇల్లు సర్దడం రాని మనిషిగా నలభై ఏళ్ళు నటించిన ఆవిడ ఇంట్లో ఇంత పద్ధతైన రికార్డు ఉందంటే నాకు నోట మాట రాలేదు. ఏ హెడ్ గుమాస్తా వచ్చి తనిఖీ చేసినా ఆక్షేపణ రాయడానికి చోటు దొరకదు. జోకు బయటివాళ్ళ దగ్గర కొన్నదైతే కార్డు మీద రాసినవాళ్ళ పేరు కూడా వేసింది. అలా రాసి పంపినవాళ్ళలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక గృహిణి కూడా ఉంది. ఆమెకూ అయిదుగురు పిల్లలే. ఇంటి పనుల మధ్యలో ఆవిడ జోకులు రాసి పోస్టులో పంపడం, ఈవిడ డబ్బిచ్చి కొని, పేరుతో సహా కార్డెక్కించడం. ఎవరి పని వారి పేరున రికార్డులో ఉండాలన్న పట్టుదల మన ఆఫీసుల్లో అందరికీ ఉండి ఉంటే, ఒకరు రాసిన నోటు మీద ఇంకొకరు మెప్పు పొందడం ఉండేది కాదు. ఈ మాట ఎవరినీ ఉద్దేశించి అనలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళకు మాత్రం అర్థమైనట్టుంది.

1999లో ఆమెకు గుండెజబ్బు వచ్చింది, పేస్‌మేకర్ పెట్టారు. లేచి మళ్ళీ ఊళ్ళు తిరిగింది. 2002 మేలో లాస్ వెగాస్‌లో చివరి ప్రదర్శన ఇచ్చి స్టాండప్ నుంచి విరమించుకుంది. 84 ఏళ్ళు. 37లో చేరింది కనుక 47 సంవత్సరాల సర్వీసు. మనలో ఎవరికీ లేదు. ఆ రోజు మాటలు తడబడటం వల్ల మానలేదు, ప్రయాణాలు తట్టుకునే ఓపిక లేక మానింది. మానిన తరువాత ఇంట్లో కూర్చుని రంగులతో బొమ్మలు వేసింది, అమ్మింది కూడా. ఆత్మకథ 2005లో వచ్చింది. గొంతు ఇచ్చే చిన్న చిన్న పనులు వస్తే చేసింది. పెన్షను కాగితాలు సరిచూసుకునే బాధ ఆమెకు లేదు కాబట్టి తీరిక ఎక్కువే ఉండి ఉంటుంది. 2012 ఆగస్టు 20న లాస్ ఏంజిలస్‌లో తన ఇంట్లోనే కన్నుమూసింది. వయసు 95.

ఆమె పోయిన అయిదేళ్ళకు, 2017లో, మ్యూజియంవారు ఆ కార్డుల ఫొటోలు కంప్యూటర్లో పెట్టి, చదివి టైపు చేసిపెట్టే ఓపిక ఉన్నవాళ్ళు రండి అని పిలిచారు. జీతం లేదు, ఎవరి ఇంట్లోనుంచి వారే చెయ్యవచ్చు. జనం వచ్చారు, పని పూర్తి చేశారు. ఇప్పుడు ఆ కార్డులు ఎవరైనా చూడవచ్చు, రుసుము లేదు. ఇంగ్లీషులోనే ఉన్నాయి, కొన్ని ఆ కాలానికీ ఆ దేశానికీ చెందినవి కనుక మనకు అందవు. తిండి మీద ఫిర్యాదులకు ఆమె విడిగా ఒక విభాగం పెట్టుకుంది. నేను అక్కడ మొదలుపెట్టాను, రోజుకు పదేసి కార్డులు చదువుతున్నాను. మీ ఇంట్లో పిల్లలను అడిగితే తీసి చూపిస్తారు.

వంటవాళ్ళు వడ్డనకు సిద్ధంగా ఉన్నారట. సెలవు.